పెచ్చెరువు నీళ్లు

మొన్న శివరాత్రికి వారం ముందు, కాలినడకన శ్రీశైలం పోయే గుంపొకటి ఆళ్లగడ్డలో మా వీధిగుండా పోయింది. అందులో ఒక పెద్దామె కాళ్లు నొప్పులని మా అరుగు మీద కూర్చుంది. "అడవిలో నీళ్లు ఎట్ల తాగుతారమ్మా?" అని అడిగాను. "గుంటల్లో ఉంటాయి కదా. పై పైన తేర్చుకొని తాగుతాం. శివుడుండాడు లే" అంది. ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. కాని అప్పటికే గుంపు కదిలింది, ఆమె కర్ర పట్టుకొని లేచింది.

ఆమెకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదో తరగతి చదువు నాది. నాలుగేళ్లయినా ఆ రోజులు మనసులో ముద్దగా ఉండిపోయాయి. రాస్తే విడివిడిగా కనిపిస్తాయేమోనని ఆశ.

పెళ్లయిన ఏడేళ్లకు నాకు బిడ్డ పుట్టింది. పార్వతి అని పేరు పెట్టాం. బిడ్డ కలిగితే గడప దగ్గర్నుంచి మల్లన్న గుడిదాకా నడిచి వస్తానని మా అత్త ఓబుళమ్మ మొక్కుకుంది. ముసలామెను ఒక్కదాన్ని పంపలేక మేమిద్దరమూ బయలుదేరాం, నేనూ మా ఇంటాయనా. ఆయన పేరు చెన్నయ్య. ఆ పేరు నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి.

అది యాభై ఆరో సంవత్సరం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రెండు రోజుల నడక. అక్కడ మా అన్న మద్దిలేటి ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పని చేసేవాడు. ఆ రాత్రికి వాళ్లింట్లోనే దిగాం. మేము అడవిలో మూడు రోజులు నడవాలని తెలిసినప్పటి నుంచి అన్నకు నీళ్ల దిగులే. జాతరకు వెళ్లి వచ్చినవాళ్లు ఏటా వాంతులతో, జ్వరాలతో ఆయన పని చేసే చోటికే వస్తారు కదా.

అన్న నన్ను కూర్చోబెట్టి మూడు వస్తువులు ముందు పెట్టాడు. ఒకటి, బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు. దాన్ని చూసి ఆయనే పక్కన పెట్టేశాడు. "ఇది తేమ తగిలితే చెడిపోతాది. కొలత తప్పితే గొంతు మండుతాది. మూటలో మోసేదానికి పనికిరాదు." రెండోది చిన్న పొట్లం, అందులో పర్మాంగనేటు పలుకులు, నల్లగా మెరుస్తూ. "చెంబుకు రెండు పలుకులు చాలు. నీళ్లు లేత గులాబీ రంగుకు రావల్ల. వేసిన కాసేపటికే మట్టిరంగుకు తిరిగితే ఆ నీళ్లు మురికివని లెక్క, ఇంకో పలుకు వెయ్." మూడోది గోధుమరంగు గాజు సీసా, నిండా చిన్న చిన్న తెల్ల బిళ్లలు. పటాలంలో పని చేసి వచ్చిన పొరుగింటాయన ఇచ్చాడట. సిపాయిలు యుద్ధంలో ఇవే వేసుకొని ఏ మడుగు నీళ్లైనా తాగేవాళ్లట.

"ముందు గుడ్డలో వడగట్టు. చెంబుకు ఒక బిళ్ల వేసి అరగంట ఆగు. తాగేముందు వాసన చూడు. కొంచెం బ్లీచింగ్ వాసన రావల్ల. రాలేదనుకో, ఇంకోటి వేసి మళ్లీ అరగంట ఆగు. అర్థమైందా లచ్చుమ్మా?"

"అర్థమైందిలే అన్నా" అన్నాను. బడిలో పాఠం అప్పజెప్పినట్టు తిరిగి చెప్పి వినిపించాను కూడా.

నంద్యాల నుంచి మా పుట్టిల్లు బండి ఆత్మకూరు దోవలోనే ఉంది. పార్వతిని మా అమ్మ దగ్గర వదిలి ముందుకు సాగాం. వెలుగోడు దగ్గర చెరువు నీళ్లలో మొదటిసారి పర్మాంగనేటు వేశాను. నీళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. చెయ్యి తిరగక ఎక్కువ పడింది. మా అత్త చెంబు కిందపెట్టింది.

"ఏందమ్మా ఇది? గంగమ్మకు రంగు పూసినావు. మొక్కు తీర్చేదానికి పోతాండామా, మందు తాగేదానికి పోతాండామా?"

మా ఇంటాయన నవ్వి ఆ చెంబెత్తి గటగట తాగేశాడు. పళ్లు గోధుమరంగుకు తిరిగాయి. "సదువుకున్నది చెప్తాంటే వినల్ల మా. తాగితే ఏమైతాది?" అన్నాడు. ఆమె వినలేదు. వెళ్లి చెరువులోనే దోసిలి పట్టింది. ఆ రోజు నుంచి అత్త నీళ్లు అత్తవే, మా నీళ్లు మావే.

ఆత్మకూరు దాటాక ఊళ్లు అయిపోయాయి. నాగలూటి మెట్లెక్కితే ఇక అడవే. ఎండాకులు, రాళ్లు, ఎక్కడ చూసినా మనుషులు. కన్నడదేశం నుంచి వచ్చినవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, ముసలివాళ్లను డోలీలో మోసేవాళ్లు. అంతమందికీ నీళ్లు మాత్రం రెండు మూడు చోట్లే. రెండో రోజు పెచ్చెరువు చేరేసరికి నీరెండ మొహాన కొడుతోంది. చెరువులో నీళ్లు తగ్గి అంచులు బురదగా ఉన్నాయి. ఒక పక్క స్నానాలు, ఒక పక్క గుడ్డలు, ఇంకో పక్క ఎద్దులు. మధ్యలోకి దిగి ముంచుకుంటున్నారు తాగేవాళ్లు.

నా కొంగు నాలుగు మడతలు పెట్టి వడగట్టాను. అయినా నీళ్లు మజ్జిగ తేటలాగే ఉన్నాయి. పలుకుల పొట్లం మొలలోనే ఉంది. కాని అత్త మాట చెవిలో ఉంది, గుంపులో అందరూ చూస్తున్నారు. అందుకని బిళ్లలు తీశాను. రెండు చెంబుల్లో ఒక్కొక్కటి వేశాను. అరగంట ఆగాను, అందులో అబద్ధం లేదు. ఆయన నాలుక తడారిపోయి ఆ చెంబుల వైపే చూస్తూ కూర్చున్నాడు. మా గుంపువాళ్లు అప్పటికే తాగి, కడిగి, మూటలు కట్టుకుంటున్నారు.

"అయిందామ్మే?" అని అడిగాడు.

వంగి వాసన చూశాను. ఏ వాసనా లేదు. అప్పుడు నాకు కలిగింది దిగులు కాదు. హమ్మయ్య అనిపించింది. రంగు లేదు, వాసన లేదు, రేపు అత్త కూడా తాగుతుందేమో అనుకున్నాను. ఇంకో బిళ్ల వేస్తే ఇంకో అరగంట కూర్చోవాలి, గుంపు వెళ్లిపోతుంది. "అయింది, తాగు" అన్నాను.

ఆయన ఒక చెంబు పూర్తిగా తాగి, రెండోదాంట్లో సగం తాగాడు. మిగిలింది నేను తాగాను. ఆ రోజూ, మర్నాడు భీముని కొలను దగ్గరా, తిరుగుదోవలోనూ ఆ బిళ్లలే వాడాను. మా అత్త ప్రతిచోటా గుంట నీళ్లే దోసిళ్లతో తాగింది.

దోవలో పార్వతిని ఎత్తుకొని ఇంటికి వచ్చాక పది పన్నెండు రోజులు ఏమీ లేదు. మొక్కు తీరిందని అత్త వీధంతా ప్రసాదం పంచింది. తర్వాత ఆయనకు తలనొప్పి మొదలైంది. చేని నుంచి మధ్యాహ్నమే తిరిగొచ్చి పడుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాం. మూడో నాడు నాకూ పట్టుకుంది. ఒళ్లంతా చితక్కొట్టినట్టు నొప్పి, తిండి చూస్తే వెగటు, దినదినానికీ పెరిగే జ్వరం. ఇద్దరం ఒకే గదిలో రెండు మంచాల మీద పడి ఉంటే అత్త మధ్యలో కూర్చుని ఒకరి తర్వాత ఒకరికి తడిగుడ్డ వేసేది. అంత్రం కట్టించింది. కషాయం తాగించింది. వారానికి మాకు లేచి నిలబడే ఓపిక కూడా పోయింది. అప్పుడు కబురందుకొని మా అన్న బండి తెచ్చి, పార్వతిని మా అమ్మ దగ్గరికి పంపి, మమ్మల్ని నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆసుపత్రి వరండా నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. బెంచీల మీద చోటు లేక జనం నేల మీద వరసగా పడుకొని ఉన్నారు. చాలామంది మా దోవన వచ్చినవాళ్లే. ఒకామె మెడలో శ్రీశైలం రుద్రాక్షలు అట్లే ఉన్నాయి. మా వంతు వచ్చేదాకా ఆయన నా భుజానికి తల ఆనించుకొని కూర్చున్నాడు. అట్లా నలుగురిలో ఆయన నన్ను తాకి కూర్చోవడం అదే మొదలు. ఒళ్లు పెనంలా కాలుతోంది. "నీకెట్లుండాది?" అని అడిగాడు. "నాకు బాగుంది" అన్నాను. తర్వాత ఆయన్ని మగవాళ్ల వార్డుకూ, నన్ను ఆడవాళ్ల వార్డుకూ తీసుకుపోయారు. మధ్యలో పెద్ద ఆవరణ. ఆయన్ను నేను చూడటం అదే ఆఖరు.

టైఫాయిడ్ అన్నారు. తర్వాతి రోజులు నాకు తుంపులు తుంపులుగానే గుర్తు. పైకప్పు దూలం మీద బల్లి. బార్లీ నీళ్ల వెగటు. తల దువ్వబోతే దువ్వెనతో పాటు ఊడివచ్చిన జడ. ఎడమచెవిలో ఎవరో జల్లెడ పట్టినట్టు హోరు. ఆ చెవి మళ్లీ వినపడలేదు.

ఆ వార్డులో దేవమ్మ అనే ఆయా ఉండేది. క్రైస్తవురాలు, యాభై ఏళ్లు ఉంటాయి. పక్క మార్చేటప్పుడు నన్ను కూలిమనిషిలా కాకుండా పసిబిడ్డలా లేపేది. ఆమె రెండు వార్డులకూ తిరిగేది కాబట్టి రోజూ ఆమెనే అడిగేదాన్ని.

"ఆయప్ప గంజి తాగినాడా?"

"తాగినాడు."

"నన్ను అడిగినాడా?"

"అడక్కుండా ఉంటాడా? నువ్వు బేగా లేచి నడువు, నడిపించి చూపిస్తా."

ఉగాది నాడు ఎవరో బంధువులు పచ్చడి తెచ్చారని వార్డులో వేపపూల వాసన వచ్చింది. మా అన్న నాకు ఒక బత్తాయి పండు తెచ్చాడు. సగం నేను తిని, సగం దేవమ్మకిచ్చి "ఆయనకియ్యి" అన్నాను. ఆమె కొంగులో దాచుకొని పోయింది. సాయంత్రం అడిగితే "తిన్నాడు, తియ్యగా ఉందన్నాడు" అంది.

ఉగాది అయిన నాలుగో రోజుకు నాకు జ్వరం దిగింది. గోడ పట్టుకొని నాలుగు అడుగులు వేశాను. "నడిచినా కదా దేవమ్మా, ఇంక నన్ను తీసుకపో" అన్నాను. ఆమె నా మంచం దుప్పటి సర్దుతూ సర్దుతూ కింద కూలబడింది. ఏడుస్తూ నా పాదాలు పట్టుకుంది. తర్వాత మా అన్న వచ్చి చెప్పాడు. ఆయన పోయి అప్పటికి ఎనిమిది రోజులట. బత్తాయి పంపిన నాటికే నాలుగు రోజులు. నాకు చెబితే నేనూ పోతానని డాక్టరు చెప్పొద్దన్నాడట. కర్మకాండ కూడా ఆళ్లగడ్డలో నేను లేకుండానే జరుగుతోంది.

దేవమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆ ఎనిమిది రోజులూ ఆయన నాకు బతికే ఉన్నాడు, అది ఆమె ఇచ్చిందే. కాని అప్పట్నుంచి ఎవరు "బాగుంది" అన్నా నమ్మలేను.

ఇంటికి పంపే ముందురోజు అన్నతో బిళ్లల సీసా తీయించాను. నా మూటలోనే ఉంది. "వీటికి వాసన రాలేదన్నా" అన్నాను. ఆయన సీసా లాక్కున్నాడు. ఒక గ్లాసులో నీళ్లు పోసి రెండు బిళ్లలు వేశాడు. ఇద్దరం ఆ గ్లాసు ముందు కూర్చున్నాం. అరగంట తర్వాత ఆయన వాసన చూశాడు. ఇంకో నాలుగు వేశాడు. మళ్లీ చూశాడు. అప్పుడే ఒక బిళ్లను వెలుతురులో పట్టుకుంటే తెల్లగా లేదు, అంచులు పసుపుపచ్చగా ఉన్నాయి.

"ఎన్నేండ్ల సీసానో. ఎన్నిసార్లు మూత తీసినారో. గాలి తగిలి సచ్చిపోయినాయి" అన్నాడు. "నేను ఇచ్చేముందు ఒక్కటన్నా వేసి చూడలేదు లచ్చుమ్మా. ఒక్కటి."

"నేను చూసినాను. వాసన రాలేదని తెలిసే ఇచ్చినా" అన్నాను.

ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకోలేదు. ఆ నీళ్లే కారణమో కాదో కూడా తెలియదు. దోవలో పందిళ్లలో మజ్జిగ తాగాం, భోజనాలు చేశాం. ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరని డాక్టరే అన్నాడట. ఆ మాట పట్టుకొని బతకొచ్చని అన్న అనుకున్నాడేమో. నాకైతే అది కూడా దొరకలేదు. కారణం కావచ్చన్నది చాలు.

ఆళ్లగడ్డలో ఇల్లు ఇల్లులాగే ఉంది. మా అత్త నన్ను చూసి ఒక్క తిట్టు తిట్టలేదు. నేను ఎవరూ చూడకుండా ఏడుద్దామని వంటింట్లోకి పోతే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. జుట్టు ఊడిన తల మీద చెయ్యి పెట్టి, "నువ్వన్నా మిగిలినావు" అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. కాని రెండో మాట వెంటనే అంది. "ఆ మందు నీళ్లే నా కొడుకును తినేసినాయి. నేను గుంట నీళ్లు తాగినా. నాకేమన్నా అయిందా?"

ఏం చెప్పాలి? మందు వల్ల కాదు, మందు చచ్చినందువల్ల అని చెబితే తప్పు మా అన్న మీద పడుతుంది. వాసన రాలేదని చెబితే నా మీద పడుతుంది. రెండు నెలలు ఆమె ఆ మాటే వీధివీధికీ చెప్పింది. నేను వింటూ ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాక పక్క వీధిలో ఇద్దరికి వాంతులు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున బావుల్లో బ్లీచింగ్ వేయడానికి ఇద్దరు మనుషులు బకెట్లతో వచ్చారు. మా అత్త పరుగున వెళ్లి బావి గట్టు మీద బోర్లా పడుకుంది.

"నా కొడుకును సంపింది చాలదా? మా బావిలో వెయ్యనియ్యను. నన్ను తొక్కుకొని వెయ్యండి!"

వీధి వీధంతా ఆమె పక్షమే. ఆడవాళ్లు ఆమె చుట్టూ నిలబడ్డారు. ఆ బకెట్ల మనుషుల్లో ఒకాయన మామూలుగా "సరే తల్లీ, మీ ఇష్టం" అని వెనక్కి తిరిగాడు. వాంతులవుతున్న ఇద్దరిలో ఒకరు నెలలు నిండిన గర్భిణి. ఆమె ఇంటికి నీళ్లు ఆ బావి నుంచే వెళ్తాయి.

నేను ఇంట్లోంచి బయటికి వచ్చాను. బోడితల మీద కొంగు కూడా కప్పుకోలేదు. "అత్తా, మందు చంపలేదు" అన్నాను. "అది పాతబడి పనికిరాకుండా పోయిన మందు. మందుంటే వాసన రావల్ల. నాకు రాలేదు. రాలేదని తెలిసి కూడా, గుంపు పోతాదని తొందరపడి ఆయనకు ఇచ్చినా. మురికినీళ్లే ఇచ్చినా. మందు వేసిన నీళ్లు ఇచ్చింటే ఉండేవాడేమో."

మా అత్త గట్టు మీద నుంచి మెల్లగా లేచింది. చీరకంటిన బురద దులుపుకొని నా దగ్గరికి వచ్చింది.

"ఆ బిళ్లలు ఇచ్చిందెవరు?"

"మా అన్న."

"ఆయప్పను నా గడప తొక్కొద్దని చెప్పు." అంతే. ఇంట్లోకి వెళ్లిపోయింది. బకెట్ల మనుషులు బావిలో పొడి వేసి పోయారు.

దానివల్ల ఎంత మేలు జరిగిందో నాకు తెలియదు. వాసన వస్తుందని మా వీధివాళ్లు నెలరోజులు ఆ బావి నీళ్లు ముట్టలేదు, వాగు నీళ్లు తెచ్చుకున్నారు. నెలలు నిండిన ఆ పిల్ల బతికింది, కడుపులో బిడ్డ దక్కలేదు. మళ్లీ ఏడాది బ్లీచింగ్ మనుషులు వస్తే ఎవరూ అడ్డుపడలేదు, ఎవరూ పిలవనూ లేదు.

మా అన్న కాంపౌండరు పని మానేశాడు. బండి ఆత్మకూరులో మా నాయన చేను చూసుకుంటున్నాడు. పండక్కి పుట్టింటికి పోతే పలకరిస్తాడు, కాని కళ్లెత్తి చూడడు. తలనొప్పని ఎవరైనా మాత్ర అడిగినా "నాకు తెలీదు, డాక్టరు దగ్గరికి పో" అంటాడు. ఊళ్లో పది రోగాలకు ముందు ఆయన్నే అడిగేవాళ్లు.

నడిచి పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. కట్టెలు దొరికే చోట నీళ్లు కాచి తాగండి, దాన్ని మించింది లేదు. దొరకని చోట మందు వాడండి, కాని బయలుదేరే ముందు ఇంట్లోనే ఒకటి వేసి వాసన చూసుకోండి. పసుపు తిరిగిన బిళ్లలు పారేయండి. బురద నీళ్లలో ఏ మందైనా సగం బురదకే పోతుంది, మొదట వడగట్టండి, తేరనివ్వండి. గుంపు పోతుందనే భయంతో ఏదీ తొందరగా చేయకండి. గుంపు మళ్లీ దొరుకుతుంది.

ఇదంతా రాశాక మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

మా అత్తా నేనూ పార్వతీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా అత్తది పగ అనలేను. నేను వండింది తింటుంది. ఆమె కాళ్లకు నూనె నేనే రాస్తాను. నా చెవిటి చెవి పక్కన కూర్చోకుండా, వినపడే వైపు వచ్చి మాట్లాడుతుంది. కాని ఆ బావి దగ్గరి రోజు నుంచి నా చేతి నీళ్లు తాగలేదు. అన్నం ముందు కూర్చుని, తానే లేచి కుండ దగ్గరికి వెళ్లి ముంచుకుంటుంది. పోయిన నెల ఆమెకు జ్వరం వచ్చింది. లేవలేక "నీళ్లు" అంది. కాచి చల్లార్చిన నీళ్లు చెంబులో పట్టుకొని తల కింద చెయ్యి పెట్టాను. కళ్లు తెరిచి నన్ను చూసింది, చెంబు చూసింది. పెదాలు బిగబట్టి గోడవైపు తిరిగింది. తర్వాత వెళ్లి పక్కింటామెను పిలుచుకొచ్చి, ఆమె చేతికి ఆ చెంబే ఇచ్చాను. ఆమె తాగిస్తే తాగింది.